వెల లేని విద్యాభాండారములు

1935వ సంవత్సరమున గుంటూరు మండలమందలి కృష్ణా కాలువపై ఒక పడవ పుస్తకములతో తిరుగ నారంభించెను. ఆ దినములలో కాలువ వెంబడి నుండు గ్రామములకు పడవయే ప్రధానమైన వాహనము. ధాన్యము, ఉప్పు, కలప మొదలగు సరకులును, పెండ్లివారును, కోర్టులకు పోవు కక్షిదారులును పడవలలోనే ప్రయాణము చేసెడివారు. ప్రయాణము మెల్లగా సాగెడిది. ప్రొద్దు గడచుట కష్టముగా నుండెడిది. గ్రంథాలయోద్యమమునకు జీవితమును ధారపోసిన పాతూరి నాగభూషణము గారు ఈ సంగతిని కనిపెట్టి పడవలో గ్రంథాలయమును నెలకొల్పిరి. అంతవరకు చదువరి పుస్తకమును వెదకికొనుచు పోవలసి యుండెను; అప్పటినుండి పుస్తకమే చదువరిని వెదకికొనుచు పోసాగెను.

ఆ పడవ నేడు లేదు. కాని అది తలపెట్టిన కార్యము ప్రపంచమంతటను మరియొక విధమున జరుగుచున్నది. అంతర్జాలమున కొందరు పుస్తకములను, కొందరు పాఠములను, కొందరు నిఘంటువులను ఉచితముగా నుంచుచున్నారు. బడి విడిచిన రైతుబిడ్డయు, ఉద్యోగము చాలించిన వృద్ధుడును, రాత్రి పని ముగించుకొని వచ్చిన కార్మికుడును వాని నుపయోగించుకొనవచ్చును. ఈ భాండారము లెట్లు పుట్టినవి, వానిలో నేమి కలదు, ఏమి లేదు అనునవి తెలిసికొనదగిన విషయములు.

పూర్వము పుస్తక మెంత దుర్లభమైన వస్తువో నేటి బాలురకు ఊహించుట కష్టము. గ్రంథము కావలెనన్న తాటియాకులపై గంటముతో వ్రాసికొనవలెను, లేదా వ్రాయసకానికి ధనమిచ్చి వ్రాయించుకొనవలెను. చార్లెసు ఫిలిప్ బ్రౌను దొర కడపలో ఉద్యోగము చేయు కాలమున ఒక బంగళాను కొని, పండితులను, వ్రాయసకాండ్రను జీతములిచ్చి పోషించి, తెలుగు తాళపత్ర గ్రంథములను సేకరింపించి, ప్రతులు వ్రాయించి, పాఠములు సరిచూపించెను. ఇందుకై ఆయన తన జీతము వెచ్చించుటయే కాక అప్పులు కూడ చేసెను. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మదరాసున అచ్చయినది. ఆ కాలమున దానిని కొనగలిగినవారు కొలదిమందియే. నేడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తన తండ్రి సెల్‌ఫోనులో ఒక మాటను టైపు చేసినచో, అదే నిఘంటువులోని అర్థము రెప్పపాటు కాలమున ఆమె కన్నుల యెదుట నిలుచును. దానికి ఆమె చెల్లింపవలసిన వెల లేదు.

పుస్తకములను ఈ విధముగా ఉచితముగా పంచవలెనను తలంపు మొట్టమొదట అమెరికా దేశమున మైకేల్ హార్టు అను విద్యార్థికి కలిగినది. 1971వ సంవత్సరమున అతడు ఇల్లినాయి విశ్వవిద్యాలయమున చదువుచుండెను. అప్పటి కంప్యూటరు ఒక గదిని నింపునంతటి యంత్రము. దానిని వాడుకొను కాలమునకు మిక్కిలి వెల కలదు. ఆ యంత్రమును నడుపువారి స్నేహమువలన హార్టునకు దానిని వలసినంతసేపు ఉపయోగించుకొను అవకాశము దొరకెను. తన కబ్బిన ఈ అవకాశము విలువ పదికోట్ల డాలర్లుండునని అతడు లెక్క వేసికొనెను. (ఈ లెక్క అతనిదే.) అంత విలువైన కాలమును దేనికి వినియోగింపవలెను? ఇతరులైనచో ఏ గణితసమస్యనో సాధింప బూనియుందురు. హార్టు అట్లు చేయలేదు.

అది జూలై నెల 4వ తేది, అమెరికా స్వాతంత్ర్యదినము. ఆనాడు అంగడిలో సరకులు కొనగా, వానితోపాటు అమెరికా స్వాతంత్ర్య ప్రకటన అచ్చువేసిన కాగితమొకటి అతనికి లభించినది. హార్టు దానిని తీసికొని పోయి అక్షరమక్షరము కంప్యూటరులో టైపు చేసెను. ఆ యంత్రమున చిన్న అక్షరములు లేనందున అంతయు పెద్ద అక్షరములతోనే టైపు చేయవలసి వచ్చెను. తరువాత దానిని అందరికిని పంపవలెనని తలంచెను గాని, అట్లు పంపినచో ఆనాటి బలహీనమైన తంత్రులు తట్టుకొనజాలవని తెలిసి, "ఫలాని చోట ఇది కలదు, కావలసినవారు తీసికొనవచ్చును" అని తెలియజేయుటతో సరిపెట్టుకొనెను. దానిని తీసికొన్నవారు ఆరుగురు మాత్రమే. ఆ ఆరుగురితో ఆరంభమైన సంస్థయే ప్రాజెక్టు గూటెన్‌బర్గు. ఐరోపాలో అచ్చుయంత్రమును వాడుకలోనికి తెచ్చిన గూటెన్‌బర్గు పేరే దానికి పెట్టబడినది.

హార్టు యుక్తి మిక్కిలి సరళమైనది. ఒక కుండలోని నీరు ఒకరు త్రాగిన మరియొకరికి తగ్గును. ఒక పుస్తకము ఒకరి చేతిలో నున్నంతసేపు మరియొకరి చేతిలో నుండదు. కాని కంప్యూటరులో నొకసారి చేర్చిన పుస్తకమును ఒకరు తీసికొన్నను, కోటిమంది తీసికొన్నను అది తరుగదు. కావున టైపు చేయు శ్రమ ఒక్కసారి పడినచో చాలును. దీపమునుండి దీపమును వెలిగించినట్లన్నమాట. ఈ నమ్మకముతో అతడు ఏండ్లతరబడి దాదాపు ఒంటరిగా పని చేసెను. పదియవ పుస్తకము పూర్తియగుసరికి 1989వ సంవత్సరము వచ్చినది. పదునెనిమిది సంవత్సరములలో పది పుస్తకములు! లోకము దృష్టిలో ఇది పరిహాసాస్పదమైన లెక్క. అయినను అతడు మానలేదు. 2011లో అతడు మరణించునాటికి ఆ భాండారమున వేలకొలది పుస్తకములు చేరినవి. నేడు 70,000కు మించిన పుస్తకములున్నవి.

ఒంటరి మనుష్యుని చేత కాని వేగము ఎట్లు వచ్చినది? 2000వ సంవత్సరమున చార్లెసు ఫ్రాంక్సు అను నతడు ఒక ఉపాయమును పన్నెను. పుస్తకములోని పుటలను ఛాయాచిత్రములుగా తీసి, అక్షరములను గుర్తించు యంత్రముచే చదివింపవచ్చును. యంత్రము తప్పులు చేయును. ఆ తప్పులను దిద్దుటకు మనుష్యులు కావలెను. మూడువందల పుటల పుస్తకమును దిద్దుమన్న ఎవడును ముందుకు రాడు. ఒక్క పుటను దిద్దుమన్నచో కాదనువారు తక్కువ. కావున పుస్తకమును పుటలుగా విడదీసి, ఒక్కొక్క పుటను ఒక్కొక్కరి ముందుంచి, ఒకరు దిద్దినదానిని మరియొకరు సరిచూచునట్లు అతడు ఏర్పాటు చేసెను. దేశదేశముల వారు తీరిక వేళలలో తలా యొక పుటను దిద్దసాగిరి. పుస్తకము లొకదాని వెంట నొకటి పూర్తి కాజొచ్చినవి.

ఈ ఉద్యమమున తెలుగువారి పాత్ర గొప్పది. చిత్తూరు మండలమందలి కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డి గారు మదరాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియాకును, అక్కడి నుండి అమెరికాకును వెళ్ళి, మనుష్యుల మాటలను కంప్యూటరుచే గుర్తింపజేయు శాస్త్రమున అగ్రగణ్యులైరి. 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగు పురస్కారమును మరియొక శాస్త్రజ్ఞునితో కలిసి పొందిరి. ఆ గౌరవమునకు పాత్రులైన మొదటి ఆసియావాసి ఆయనయే. పది లక్షల పుస్తకములను ఛాయాచిత్రములుగా తీసి లోకమునకు ఉచితముగా నిచ్చు ఉద్యమమునకు ఆయన నాయకుడయ్యెను. భారతదేశమున బెంగుళూరు, హైదరాబాదు మొదలగు నగరములలోని విద్యాసంస్థలు ఇందు పాల్గొన్నవి. పాత గ్రంథాలయముల బీరువాలలో చెదలకు ఆహారము కానున్న తెలుగు పుస్తకములు వేలకొలది యంత్రముల ముందునకు వచ్చినవి. వానిలో పెక్కింటి ప్రతులు మరెచ్చటను దొరకునవి కావు.

ఆ పనిలో లోపములు లేకపోలేదు. తెలుగు పుస్తకముల పేర్లను ఇంగ్లీషు అక్షరములలో ఇష్టము వచ్చినట్లు వ్రాసినందున, ఏ పుస్తకము ఏ పేరున దాగియున్నదో కనుగొనుటయే ఒక విద్య యైనది. కొన్నింట పుటలు తలక్రిందులుగా నున్నవి. కొన్నింట వ్రేళ్ళ నీడలు పడినవి. భారతీయ భాండారపు స్థలము తరువాతి కాలమున మూతపడినది. అంతకు ముందే కొందరు దూరదృష్టి గలవారు ఆ పుస్తకములకు ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవు అను మరియొక భాండారమున చేర్చినందున అవి నిలిచినవి. ఈ ఆర్కైవును 1996లో బ్రూస్టరు కాలె అను నతడు శాన్ ఫ్రాన్సిస్కో నగరమున స్థాపించెను. ఒకేచోట నున్న నిధి ఎంత గొప్పదైనను ఒక్క అగ్నిప్రమాదముతో పోవును. పలుచోట్ల నున్న ప్రతి నిలుచును. తాళపత్రముల కాలమున పండితులు ప్రతులు వ్రాయించి ఊరూర నుంచుట కిదియే కారణము.

ఇచ్చట ఒక సందేహము కలుగును. పుస్తకము రచయిత సొత్తు గదా, దానిని ఉచితముగా పంచుట దొంగతనము కాదా? ఇది మంచి ప్రశ్న, దీనిని దాటవేయరాదు. మన దేశపు చట్టము ననుసరించి, రచయిత జీవించియుండగా ప్రకటించిన పుస్తకముపై హక్కు ఆయన జీవితకాలమును, ఆయన మరణించిన పిమ్మటి సంవత్సరము మొదలుకొని 60 సంవత్సరములును ఉండును. ఆ గడువు ముగిసిన పిదప పుస్తకము లోకమునకు చెందును. 1915లో పరమపదించిన గురజాడ అప్పారావు గారి రచనలును, 1919లో కీర్తిశేషులైన కందుకూరి వీరేశలింగము గారి రచనలును ఇట్లు అందరి సొత్తైనవి. నేడు జీవించియున్న రచయిత పుస్తకమును అనుమతి లేక పంచువారును కలరు. అట్టివి ఉచితముగా దొరకినను భాండారములనిపించుకొనవు; ఆ రచయిత కూలిని అపహరించుటయే యగును. రచయిత తానుగా అనుమతించినచో అది వేరు సంగతి.

పుస్తకముల సంగతి యట్లుండగా, విశ్వవిద్యాలయముల పాఠములు సైతము బయటికి వచ్చినవి. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ, వాడుకలో ఎం.ఐ.టి., లోకప్రసిద్ధమైనది. అందు ప్రవేశము దొరకుట కష్టము. దొరకినను ఖర్చు భరించుట కష్టము. అంతర్జాలము వ్యాపించిన తరుణమున పెక్కు విద్యాసంస్థలు పాఠములను అంతర్జాలమున అమ్మి ధనము గడింపవచ్చునని ఆలోచించుచుండెను. ఎం.ఐ.టి. కూడ ఈ విషయము పరిశీలించుటకు ఒక ఆచార్యసంఘమును నియమించెను. ఆ సంఘము అమ్ముట కంటె ఊరక యిచ్చుటయే మేలని తేల్చినది! 2001 ఏప్రిలు నెలలో అధ్యక్షుడు చార్లెసు వెస్టు ఈ సంగతిని లోకమునకు ప్రకటించెను. మరుసటి యేట 50 పాఠ్యక్రమములతో పని మొదలైనది. నేడు 2,500కు మించి యున్నవి. అందు ఉపన్యాసములు, అభ్యాసములు, పరీక్షాపత్రములు, పెక్కింటికి సమాధానములు కూడ నుండును.

ఆ సంస్థలో గిల్బర్టు స్ట్రాంగు అను గణితాచార్యుడు 1962 నుండి 2023 వరకు బోధించెను. ఆయన సమీకరణములను గూర్చి చెప్పిన పాఠములను అంతర్జాలమున కోటికి మించిన పర్యాయములు చూచిరి. ఆ పాఠములలో అలంకారములేమియు లేవు. నల్లబల్ల, సుద్దముక్క, ముసలి ఆచార్యుడు. ఆయన ఒక ప్రశ్న వేసి, కొంతసేపు ఊరకుండి, విద్యార్థులతో కలిసి తానును ఆలోచించుచున్నట్లు కనబడును. మంచి బోధనకు ఖరీదైన సామగ్రి అక్కరలేదనుటకు ఇంతకంటె నిదర్శనము వెదకనక్కరలేదు.

మన దేశమునను ఇట్టి యత్నము జరిగినది. ఏడు ఐ.ఐ.టి.లును, బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థయు కలిసి, కేంద్రప్రభుత్వ ధనసహాయముతో 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్. అను కార్యక్రమము నారంభించెను. ఇంజనీరింగు పాఠములను అంతర్జాలమున ఎవరైనను ఉచితముగా వినవచ్చును. కొన్నింటికి తెలుగు మొదలగు భాషలలో అనువాదములు కూడ కలవు. 2017లో స్వయం అను వేదిక వెలసినది. పాఠము వినుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రము పొందగోరువారు మాత్రము రుసుము చెల్లింపవలెను. బడిపిల్లల కొరకు దీక్షా అను వేదిక కలదు. పాఠ్యపుస్తకములలోని నలుపుతెలుపు చదరపు గుర్తును సెల్‌ఫోనుతో చూచినచో ఆ పాఠమునకు చెందిన సామగ్రి తెరచుకొనును.

చిన్నపిల్లల గణితపాఠముల విషయమున సల్మాన్ ఖాన్ అను అమెరికా పౌరుని కథ వినదగినది. (పేరు చూచి భ్రమపడరాదు, ఇతడు నటుడు కాడు.) 2004లో ఇతడు బోస్టను నగరమున ఉద్యోగము చేయుచుండగా, న్యూ ఆర్లియన్సు నగరమున నున్న బంధువుల బాలిక యొకతె గణితపరీక్షలో వెనుకబడినది. ఆమె తెలివైనదియే, కొలమానములను మార్చు లెక్కలు మాత్రము ఆమెకు పట్టుబడలేదు. ఖాన్ పని ముగిసిన తరువాత టెలిఫోనులో ఆమెకు పాఠము చెప్పసాగెను. ఆమె బాగుపడుట చూచి తక్కిన బంధువుల పిల్లలును చేరిరి. అందరికిని విడివిడిగా చెప్పజాలక, 2006లో పాఠములను దృశ్యములుగా తయారుచేసి యూట్యూబున నుంచెను.

అప్పుడొక విచిత్రము జరిగినది. ఆ పిల్లలు తమకు ఖాన్ ఎదుటనుండుట కంటె తెరపై నుండుటయే ఇష్టమని చెప్పిరి! ఈ మాటలో లోతైన అర్థమున్నది. ఎదుటనున్న గురువును "మరల చెప్పుడు" అని ఒకసారి అడుగుట తేలిక. రెండవసారి అడుగుటకు జంకు. మూడవసారి అడుగుటకు సిగ్గు. తెరపైని గురువును పదిసార్లు వెనుకకు త్రిప్పినను విసుగుకొనడు, నవ్వడు, ఇతరులతో చెప్పడు. ఎన్నడో మరచిన నాలుగవ తరగతి లెక్కను ఎనిమిదవ తరగతి బాలుడు రహస్యముగా నేర్చికొనవచ్చును. ఎందరో బాలురు గణితమన్న భయపడుటకు కారణము తెలివి తక్కువయగుట కాదు. క్రింది తరగతిలో నొక మెట్టు విరిగియుండుట. ఆ మెట్టును తిరిగి కట్టుకొనుటకు ఇట్టి పాఠములు మిక్కిలి తోడ్పడును.

ఇంతవరకు చెప్పినది భాండారముల వైభవము. ఇక చదువరుల సంగతి చూడవలెను. 2012 మార్చి నెలలో ఎం.ఐ.టి. విద్యుద్వలయములను గూర్చిన ఒక పాఠ్యక్రమమును లోకమునకంతకు ఉచితముగా తెరచెను. అందు అభ్యాసములు, పరీక్షలు, తెరపై ప్రయోగశాల, ఉత్తీర్ణులకు యోగ్యతాపత్రము అన్నియు కలవు. పేరు నమోదు చేసికొన్నవారు 1,54,763 మంది. యోగ్యతాపత్రము పొందినవారు 7,157 మంది. నూటికి అయిదుగురు కూడ కారు. ఈ లెక్కను చూపి, ఇట్టి చదువు వ్యర్థమని పెక్కుమంది తీర్మానించిరి.

కాని లెక్కను కొంచెము విప్పి చూడవలెను. మొదటి అభ్యాసమున ఒక్క మార్కునైనను సంపాదించినవారు 26,349 మంది మాత్రమే. అనగా లక్షయిరువదియెనిమిది వేలమంది చదువును నడుమ విడువలేదు, మొదలే పెట్టలేదు. కలము పట్టి మొదటి లెక్క చేసినవారిని మాత్రము గణించినచో నూటికి ఇరువది యేడుగురు తుదిదాక వచ్చిరి. ఇంటిలో నుండి, గురువు బెత్తము లేక, ఉద్యోగములు చేసికొనుచు చదివినవారిలో ఇది తక్కువ సంఖ్య కాదు. పేరు వ్రాసికొనుటకును మొదటి లెక్క చేయుటకును నడుమ నున్న అగాధమే పెద్దది.

తుదిదాక వచ్చిన వారిలో నూటికి నూరు మార్కులు పొందినవారు 340 మంది. వారిలో నొకడు మంగోలియా రాజధానియైన ఉలాన్‌బాతరు నగరమున చదువుచున్న బట్టూషిగ్ మ్యంగన్‌బయార్ అను పదునైదేండ్ల బాలుడు. ఆ పాఠ్యక్రమము కళాశాల రెండవ సంవత్సరపు విద్యార్థులకు తగినది. పాఠములు ఇంగ్లీషున నుండెను. అది అతని మాతృభాష కాదు. ఈ కథను చెప్పువారు సాధారణముగా ఇంతటితో ఆపి, బాలుని మేధను పొగడుదురు. అది సగము కథ. ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఎం.ఐ.టి.లో చదివి పట్టముపొందిన మొట్టమొదటి మంగోలియా దేశీయుడు. ఆయనయే ఈ పాఠ్యక్రమమును తన విద్యార్థులకు పరిచయము చేసెను. ఎం.ఐ.టి.లోనే చదివిన మరియొక యువకుడు ప్రయోగసామగ్రితో వచ్చి, వారాల తరబడి ఆ విద్యార్థులతో ఉండి, వలయములను చేతితో నిర్మింపజేసెను. తెరపై పాఠము ఎక్కడినుండియో వచ్చినది. ప్రక్కన నిలిచి "ఈ తీగను ఇచ్చట కలుపుము" అని చెప్పినవాడు మాత్రము మనుష్యుడే.

బట్టూషిగ్ తాను నేర్చినదానిని దాచుకొనలేదు. తోటివారికి కష్టముగా నున్న భాగములను తన భాషలో వివరించుచు దృశ్యములను తయారుచేసి యూట్యూబున నుంచెను. చెల్లెలు ఇంటి ముంగిట ఆడుకొనునపుడు వాహనములు వచ్చి తగులునేమోయని, వాహనము వచ్చునపుడు కూయు ఒక యంత్రమును కూడ చేసెను. 2013లో అతనికి ఎం.ఐ.టి.లో ప్రవేశము లభించినది.

స్వయముగా చదువుకొనువాడు మొదట తెలిసికొనవలసినది, చూచుట వేరు, నేర్చుట వేరు అనునది. నేర్పరియైన ఆచార్యుడు లెక్క చేయుచుండగా చూచువానికి అంతయు తెలిసినట్లే యుండును. ఈత కొట్టువానిని గట్టుపై నిలిచి చూచినపుడును అట్లే యుండును. కావున పాఠమును నడుమ నడుమ ఆపి, ఆచార్యుడు చేయబోవు మెట్టును తాను ముందుగా కాగితముపై చేసి, తరువాత సరిచూచుకొనవలెను. తప్పిపోయినచో మంచిదే, ఆ తప్పిపోయిన చోటనే నేర్వవలసినది కలదు. ఒకే సమయమున పది పాఠ్యక్రములలో పేరు వ్రాసికొనుట కంటె ఒక్కదానిని పట్టి, మరియొక స్నేహితుని తోడు చేసికొని, వారమునకొకసారి ఒకరికొకరు అప్పజెప్పుకొనుట మేలు. ప్రాచీన పాఠశాలలలో చింతన చేయుట యనగా ఇదియే.

ఉచితమను మాటను గూర్చియు ఒక హెచ్చరిక చేయక తప్పదు. పాఠమునకు వెల లేదు గాని, సెల్‌ఫోనునకు వెల కలదు, అంతర్జాలమునకు వెల కలదు. 2020లో మహమ్మారి వలన పాఠశాలలు మూతపడినపుడు, ఇంట ఒకే ఫోనుండి ముగ్గురు పిల్లలున్న కుటుంబములకు ఈ సంగతి బాగుగా తెలిసినది. తండ్రి ఆ ఫోనును పనికి తీసికొనిపోయినచో పిల్లలకు పాఠము లేదు. గ్రామ గ్రంథాలయమునను, పాఠశాలయందును ఒక కంప్యూటరు పని చేయుస్థితిలో నుండుట అందువలననే ముఖ్యము. ఉచితమని పిలిచి, తరువాత ధనమడుగువారును, ఇంటివారి బ్యాంకు వివరములడుగువారును కలరు. అట్టివారికి ఏమియు చెప్పక పెద్దలకు చూపుట క్షేమము.

ఇక విజ్ఞానసర్వస్వముల సంగతి. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు తెలుగున ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును అక్షరక్రమమున వెలువరింప బూనిరి. మూడు సంపుటములు వెలువడినను అకారము దాటలేదు. 1923లో ఆయన అకాలమరణము పొందెను. అంతటి పండితుని జీవితమంతయు చాలని పని అది. 2001 జనవరి 15వ తేదీన ఇంగ్లీషున ఆరంభమైన వికీపీడియా అను విజ్ఞానసర్వస్వమును ఒక పండితుడు కాక వేలకొలది సామాన్యులు వ్రాయుచున్నారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. దానియందు నేడు లక్షకు మించిన వ్యాసములున్నవి. ఇందు పనిచేయువారికి జీతము లేదు.

ఎవరైనను వ్రాయగల గ్రంథమును నమ్ముట యెట్లు? గ్రుడ్డిగా నమ్మరాదు. ప్రతి వ్యాసమునకును చరిత్ర యను పుట యొకటి కలదు. ఏ వాక్యమును ఎవరు, ఏ దినమున చేర్చిరో, ఎవరు తీసివేసిరో అందు కనబడును. అచ్చు పుస్తకమున నిట్టి సదుపాయము లేదు. వాక్యము చివర ఆధారము చూపబడినదా, ఆ ఆధారము నిజముగా ఆ మాట చెప్పుచున్నదా అని పరిశీలించు అలవాటు బాల్యముననే కలిగినచో, వార్తాపత్రికను చదువుటకును, సెల్‌ఫోనులో వచ్చు వదంతులను తూచుటకును అదే త్రాసు పనికివచ్చును.

ఈ భాండారములన్నింటియందును తెలుగువారికొక లోటు కనబడుచున్నది. గణితము, భౌతికశాస్త్రము, వైద్యము మొదలగు విషయములలో ఉత్తమమైన పాఠములు ఇంగ్లీషుననే యెక్కువగా నున్నవి. తెలుగు పుస్తకములు వేలకొలది ఛాయాచిత్రములుగా నున్నను, అవి బొమ్మలే గాని అక్షరములు కావు. బొమ్మలో ఒక మాటను వెదకుటకు వీలులేదు. కన్నులు లేనివారికి దానిని యంత్రము చదివి వినిపింపజాలదు. బొమ్మను అక్షరములుగా మార్చు యంత్రములిప్పుడు తెలుగునకును కలవు. కాని పాత అచ్చును చూచినపుడు అవి మకారమును యకారముగను, ధకారమును థకారముగను చదువును. బండి ఱ కనబడినచో తికమకపడును. అరసున్నను మచ్చయని విడిచిపెట్టును.

ఆ తప్పులను దిద్దుచోటు తెలుగు వికీసోర్సు. అందు ఒక ప్రక్క పాత పుస్తకపు పుట బొమ్మయు, మరియొక ప్రక్క యంత్రము చదివిన అక్షరములును ఉండును. రెంటిని పోల్చి చూచుచు తప్పులు సరిచేయవలెను. ఎనిమిదవ తరగతి చదువు, అక్షరదోషములను సహింపని కన్ను ఉన్నవారు ఈ పని చేయగలరు. ఒక్క పుటకు పావుగంట పట్టవచ్చును. ఎవరును చూడని పుటకు ఎరుపు రంగు గుర్తు ఉండును. ఒకరు దిద్దిన పిదప అది పసుపు రంగునకు మారును. దిద్దినవారే దానిని ఆమోదించుటకు వీలులేదు; రెండవవారెవరైనను వచ్చి మరల సరిచూచిన పిమ్మట గాని ఆ గుర్తు ఆకుపచ్చగా మారదు. ఎరుపు గుర్తుతో ఎదురుచూచుచున్న తెలుగు పుటలు నేటికిని వేలకొలది కలవు.